ఇంగ్లీషు నుడికారాలు: గోదావరి డెల్టా వ్యాపార సమావేశాల్లో వాడుక

విడివిడి మాటల అర్థాలు కలుపుకున్నంత మాత్రాన బోధపడనిది, వాడుక వల్ల మాత్రమే అర్థం స్థిరపడినది నుడికారం. వ్యాపార సమావేశాల్లో వినిపించే ‘బాటమ్ లైన్’, ‘టచ్ బేస్’, ‘లో హ్యాంగింగ్ ఫ్రూట్’, ‘బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ వంటి ఇంగ్లీషు కూర్పులు ఈ కోవలోవి. గోదావరి డెల్టాలో వీటి వాడుక అన్నిచోట్లా ఒక్క తీరుగా లేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఎగుమతిదారులు విదేశీ కొనుగోలుదారులతో జరిపే వీడియో సమావేశాల్లో, రాజమహేంద్రవరంలోని కాగితం మిల్లు, చమురు సంస్థల కార్యాలయాల్లో, బ్యాంకుల సమీక్షల్లో ఇవి ధారాళంగా దొర్లుతాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో, రావులపాలెం అరటి మార్కెట్లో, వ్యవసాయ సహకార సంఘాల మహాజన సభల్లో అరుదు. అయినా ఆ మార్కెట్లలో సైతం ‘పచ్చజెండా ఊపారు’, ‘లైన్ క్లియర్ అయింది’, ‘ఐపీ పెట్టాడు’ అనని రోజు ఉండదు. ఇవీ ఇంగ్లీషు పాలన, ఇంగ్లీషు యంత్రాలు తెచ్చిన నుడికారాలే. ఎప్పుడో ఇంటివైపోయాయి కనుక ఎవరికీ పరాయిగా తోచవు.

డెల్టా జనం కళ్ళతో చూసిన వస్తువునో, పడిన అనుభవాన్నో వెంటబెట్టుకుని వచ్చిన ఇంగ్లీషు నుడికారం తెలుగైపోయింది. మాటగా మాత్రమే వచ్చినది ఊహకు మిగిలిపోయింది. బేరసారాల్లో ఊహ మీద నడిచేవాడికి నష్టం తప్పదు గనుక ఈ తేడా భాషాశాస్త్రంతో ముగిసేది కాదు.

కంపెనీ రేవులు, దుబాసీలు

డెల్టాలో ఇంగ్లీషువాళ్ళతో వ్యాపారం 17వ శతాబ్దిలోనే మొదలైంది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. వాళ్ళ నోట ఆ ఊరు ‘మడపొల్లం’ అయింది. అక్కడి మెత్తని నూలు గుడ్డ ఆ పేరుతోనే ఐరోపా మార్కెట్లకెక్కింది. పాలకొల్లు, ద్రాక్షారామంలలో డచ్చివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు కొఠీలు నడిపారు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది.

అప్పటి బేరాలు దుబాసీల ద్వారా సాగేవి. నేతగాడికి బయానా ఎంత, గుడ్డ పొడవెంత, నాసిరకం తేలితే కోత ఎంత అనేవన్నీ రెండు భాషలూ వచ్చిన ఆ ఒక్కడి నోటి మీదుగానే అటూ ఇటూ వెళ్ళేవి. దొర నుడికారం నేతగాడి చెవిదాకా వచ్చేది కాదు, నేతగాడి సామెత దొరకు చేరేది కాదు. దుబాసీ చెప్పిందే ఒప్పందం. ఈ ఏర్పాటు దుబాసీలకు ఎంత బలమిచ్చిందో తీరాంధ్ర వర్తక చరిత్ర అంతా చెబుతుంది.

మాటల రవాణా ఒకవైపే సాగలేదు. తెలుగు ‘పందికొక్కు’ ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అయింది. ఇంగ్లీషు ‘గోడౌన్’కు మలయ్ భాష దారి చూపినా, దాని వెనుక మన ‘గిడ్డంగి’ ఉందన్న అభిప్రాయాన్ని యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చర్చిస్తుంది. కంపెనీ కొలువులో రాజమండ్రిలోనూ పనిచేసిన సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు విడిగా ఒక నిఘంటువే కూర్చి 1854లో అచ్చు వేయించాడు. జమా, ఖర్చు, బాకీ, రసీదు, దళారి, దివాలా వంటివి అప్పటికే పారసీ, ఉర్దూ, మరాఠీల దారిన వచ్చి స్థిరపడ్డాయి. డెల్టా వర్తకుడి నాలుకకు అరువు మాట కొత్త కాదు. ఇంగ్లీషు అక్కడికి ఆలస్యంగా వచ్చిన చుట్టం.

రైలు, కోర్టు తెచ్చినవి

విజయవాడ నుంచి రాజమండ్రి వైపు రైలు మార్గం 1890లలో వచ్చింది. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో పూర్తయింది. ముందు స్టేషను నుంచి ‘లైన్ క్లియర్’ వస్తేనే బండి కదలాలన్నది రైల్వే నియమం. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ప్రతివాడూ దాన్ని కళ్ళారా చూశాడు. గార్డు పచ్చజెండా ఊపితే బండి కదులుతుంది, ఎర్రజెండా పడితే ఆగుతుంది. ఇంతకంటే వివరణ అక్కరలేదు. అందుకే నేడు బ్యాంకు రుణం మంజూరైతే ‘లైన్ క్లియర్’, ప్రభుత్వం అనుమతిస్తే ‘పచ్చజెండా’, ఆగిన పని మళ్ళీ మొదలైతే ‘పట్టాలెక్కింది’, చెడితే ‘పట్టాలు తప్పింది’. పత్రికల శీర్షికల్లో ఇవి లేని వారం ఉండదు. రైలు బండితో ఏ సంబంధమూ లేని కొబ్బరి పీచు పరిశ్రమ గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇవే వస్తాయి. నుడికారంగా నిలదొక్కుకున్నాయనడానికి అంతకంటే రుజువు ఉండదు.

రైలు ఇచ్చినదానికంటే కోర్టు ఇచ్చినది ఇంకా లోతుగా దిగింది. అప్పులు తీర్చలేనివాడు దివాలా ప్రకటించమని కోర్టులో పెట్టుకునే అర్జీ ఇంగ్లీషులో ‘ఇన్సాల్వెన్సీ పిటిషన్’. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం దీనికి ఆధారం. ఆ రెండు మాటల మొదటి అక్షరాలే ‘ఐపీ’. ‘ఫలానా మిల్లు ఆయన ఐపీ పెట్టాడట’ అని వినపడితే ధాన్యం అరువిచ్చిన రైతుల గుండె గుభేల్మంటుంది. ఇక్కడ ‘ఐపీ’ని విడదీసి చెప్పగలవాళ్ళు తక్కువ, దాని బరువు తెలియనివాళ్ళు అసలు లేరు. ‘చేతులెత్తేశాడు’, ‘ఎగనామం పెట్టాడు’, ‘కుచ్చుటోపీ పెట్టాడు’ అనే వరుసలో ఇదీ చేరిపోయింది. అయితే ఒక తేడా ఉంది. చేతులెత్తేయడంలో నిస్సహాయత, నామం పెట్టడంలో మోసం ఉన్నాయి. ఐపీ పెట్టడంలో చట్టం కల్పించిన వెసులుబాటు ఉంది. అంత నిర్దిష్టమైన అర్థమున్న అచ్చ తెలుగు మాట లేదు కనుకే అది పట్టు చిక్కించుకుంది.

‘రెడ్ టేప్’కు ఆ భాగ్యం దక్కలేదు. బ్రిటన్‌లో సర్కారీ దస్తావేజుల కట్టలకు చుట్టే ఎర్రని పట్టీ నుంచి పుట్టిన ఈ మాట పత్రికల్లో ‘రెడ్ టేపిజం’గా నిలిచింది గాని, కలెక్టరేటు చుట్టూ తిరిగిన రైతు ‘కాళ్ళరిగేలా తిప్పారు’ అనే అంటాడు. దాని బంధువులా కనిపించే ‘రెడ్ కార్పెట్’ మాత్రం ‘ఎర్ర తివాచీ పరిచారు’ అని పరిశ్రమల వార్తల్లో స్థిరపడింది.

పందెం బరి, క్రికెట్ పిచ్, ఎవరూ చూడని బేస్‌బాల్

ఇంగ్లీషు వ్యాపార నుడికారంలో పెద్ద భాగం ఆటల నుంచి, జూదం నుంచి వచ్చింది. సమావేశాన్ని పోటీగా, ఎదుటివాణ్ణి ప్రత్యర్థిగా చూసే అలవాటు దీని వెనుక ఉంది.

డెల్టాకు బాగా తెలిసిన ఒక ఆట ఇంగ్లీషు నుడికారానికి తల్లి అని చాలామందికి తెలియదు. అది కోడిపందెం. విమానం నడిపే గదిని పిలిచే ‘కాక్‌పిట్’ మొదట పుంజుల్ని పందెంలో దించే గొయ్యి. ఇద్దరిని ఒకరిపై ఒకరిని ఉసిగొల్పడాన్ని ‘పిట్ అగైనెస్ట్’ అంటారు, అదీ ఆ గొయ్యి నుంచే. పిరికితనం చూపితే ‘వైట్ ఫెదర్’ చూపాడంటారు. తోకలో తెల్ల ఈక ఉన్న పుంజు మేలుజాతి కాదని, పందెంలో నిలవదని పాత ఇంగ్లండు నమ్మకం. బ్రిటన్‌లో కోడిపందేలను 1835లో చట్టం నిషేధించింది. ఆట పోయి మాట మిగిలింది. మన దగ్గర కూడా చట్టం నిషేధించినా సంక్రాంతి మూడు రోజులూ భీమవరం పరిసరాల్లో బరులు వెలుస్తూనే ఉన్నాయి. డేగ, కాకి, నెమలి అంటూ ఈక రంగును బట్టి జాతి నిర్ణయించే కుక్కుట శాస్త్రమూ ప్రచారంలో ఉంది. ‘బరిలోకి దిగాడు’, ‘బరిలో నిలిచాడు’ అని తెలుగువాళ్ళు టెండరు వేసిన గుత్తేదారు గురించీ ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థి గురించీ ఒకేలా అంటారు. ఎక్కడో ఉన్న రెండు సమాజాలు ఒకే రకమైన పందెం చుట్టూ నిలబడి ఒకే రకమైన నుడికారం కల్పించుకున్నాయి. ఎవరి నుంచి ఎవరూ అరువు తెచ్చుకోలేదు. రెండింటి పోలికలో నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది ఇదే.

పేకాట ఇచ్చినవీ డెల్టాకు అంతే సులువు. ‘ట్రంప్ కార్డ్’ను ‘తురుపు ముక్క’ అని ఏనాడో తెలుగు చేసుకున్నాం. ‘షో యువర్ హ్యాండ్’, ‘కాల్ ద బ్లఫ్’ అనే మాటలు ముక్కలు పట్టినవాడికి వివరించనక్కరలేదు. నాణ్యమైన పెద్ద కంపెనీల షేర్లను ‘బ్లూ చిప్’ అనడం పోకర్ ఆటలో ఎక్కువ విలువున్న నీలం బిళ్ళ నుంచి వచ్చింది.

క్రికెట్ నుడికారం టీవీ ద్వారా ఇళ్ళలోకి వచ్చింది. ‘సిక్సర్ కొట్టాడు’, ‘క్లీన్ బౌల్డ్ అయ్యాడు’, ‘సెకండ్ ఇన్నింగ్స్ మొదలెట్టాడు’ అనేవి కడియం నర్సరీ రైతు నోటా సహజంగా వస్తాయి. ‘ఆన్ ద బ్యాక్ ఫుట్’ అంటే ఆత్మరక్షణలో పడటమని వేరుగా చెప్పాల్సిన పని లేదు.

చిక్కంతా బేస్‌బాల్‌తో. అమెరికా వ్యాపార ఇంగ్లీషులో చాలా ఆటమాటలు ఆ ఆటవే. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపు లెక్క, ‘టచ్ బేస్’ అంటే ఒకసారి మాట్లాడుకోవడం. ఊహించని చిక్కు ఎదురైతే ‘కర్వ్‌బాల్’, ముందుకొచ్చి బాధ్యత తలకెత్తుకుంటే ‘స్టెప్ అప్ టు ద ప్లేట్’. వాన పడి ఆట ఆగితే ఆ టిక్కెట్టు మరో రోజు చెల్లేలా ఇచ్చే చీటీ ‘రెయిన్ చెక్’. ఇప్పుడు కాదు, మరోసారి చూద్దాం అని మర్యాదగా దాటవేయడానికి దాన్ని వాడతారు. మన ప్రాంతంలో ఈ ఆట చూసినవారు అరుదు. రాజమహేంద్రవరం కాగితం మిల్లు 2011 నుంచి 2019 వరకు మెంఫిస్ కేంద్రంగా ఉన్న ఇంటర్నేషనల్ పేపర్ చేతిలో ఉంది, తర్వాత వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ కొని ‘ఆంధ్రా పేపర్’ అని పేరు మార్చింది. అలాంటి యాజమాన్యాల కింద పనిచేసేవారు, అమెరికా కొనుగోలుదారులతో మాట్లాడేవారు ఈ మాటల్ని సందర్భం చూసి పట్టుకోవాల్సిందే. ‘బాల్‌పార్క్’ అన్నమాటను ఖరారైన ధరగా తీసుకుంటే నష్టం నిజంగానే వస్తుంది. ‘ఉజ్జాయింపుగా’, ‘కాకిలెక్కన’ అనేవి తెలుగులో ఉన్నాయి. రెండోది కొంచెం చులకన ధ్వనిస్తుంది గనుక కొనుగోలుదారు ముందు మొదటిదే మంచిది.

టెన్నిస్ నుంచి వచ్చిన ‘బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ పత్రికల్లో ‘బంతి కేంద్రం కోర్టులో ఉంది’ అని తెలుగైంది. ఇక నిర్ణయం మీదే అని భావం. ఆటస్థలం ‘కోర్టు’, న్యాయస్థానం ‘కోర్టు’ తెలుగులో ఒకటే మాట కావడంతో, భూవివాదాల మీద మాట్లాడేటప్పుడు ఇది తికమక పెడుతుంది. ‘నిర్ణయం మీ చేతిలో ఉంది’ అంటే సరిపోతుంది.

నీటి నుడికారం, చమురు నుడికారం

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువల మధ్య బతికే జనం ఆర్థిక వ్యవహారాల్ని నీటి భాషలో చెప్పుకుంటారు. అప్పుల నుంచి బయటపడితే గట్టెక్కాడు. ఆదాయం పడిపోతే గండి పడింది. దుబారా ఆపితే అడ్డుకట్ట వేసినట్టు. చట్టాన్ని బలహీనపరిస్తే నీరుగార్చినట్టు. పెట్టుబడి పోతే గోదాట్లో కలిసింది. ఇంగ్లీషులో ‘స్టే అఫ్లోట్’, ‘అండర్ వాటర్’ ఇదే తీరులో పుట్టాయి కనుక డెల్టావాడికి వీటి అర్థం వినగానే తడుతుంది.

ఓడల నుంచి వచ్చినవీ పరాయిగా ఉండవు. ‘ఆన్ బోర్డ్’ తీసుకోవడం, ‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’, ‘షో ద రోప్స్’, ‘ఇన్ ద సేమ్ బోట్’ నావికుల మాటలు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే, బాగుచేసే పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని కోలుకోలేని దెబ్బ తీసింది. పక్కనున్న తాళ్ళరేవులో చెక్కపడవలు కట్టే పని మాత్రం ఆగలేదు. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం ఎదురుచూసినవారికి ‘మనమంతా ఒకే పడవలో ఉన్నాం’ అనే మాట అరువు మాటగా అనిపించదు.

‘ఇన్ ద పైప్‌లైన్’ సంగతి వేరు. ఆర్డర్లు, ప్రాజెక్టులు రాబోతున్నాయి అని చెప్పడానికి చమురు పరిశ్రమ నుంచి ఈ మాట అన్ని సమావేశాలకూ వ్యాపించింది. కోనసీమలో పైపులైను అంటే పొలం కింద పాతిన గొట్టం. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్వకాలు సాగుతున్న కాలంలో, 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఊళ్ళ జనం కూర్చున్న ప్రజాభిప్రాయ సేకరణ సభలో ‘ఇంకా నాలుగు ప్రాజెక్టులు పైప్‌లైన్లో ఉన్నాయి’ అని అధికారి అంటే, ఆ మాట సభలో ఎలా పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. నుడికారం ఎంచుకునేవాడు వినేవాళ్ళ ఊరేదో ముందు చూసుకోవాలి.

లెక్కలు, పులి స్వారీ

జమాఖర్చుల పట్టికలో చిట్టచివరి గీత కింద మిగిలే నికర లాభమో నష్టమో ‘బాటమ్ లైన్’. దాన్నుంచి ‘తేల్చి చెప్పాలంటే’ అనే అర్థం వచ్చింది. నష్టాన్ని ఎర్ర సిరాతో రాసే అలవాటు నుంచి ‘ఇన్ ద రెడ్’, లాభానికి ‘ఇన్ ద బ్లాక్’. చిట్టా, ఆవర్జా రాసిన తెలుగు గుమాస్తాల నుంచి మనకూ ఇలాంటివి వచ్చాయి. చిట్టా విప్పడం, పద్దు మూయడం, లెక్క తేల్చడం, అసలుకే మోసం రావడం, గిట్టుబాటు కావడం ఆ వరుసలోవి. ధాన్యం వ్యాపారంలో ‘గిట్టుబాటు’ చేసే పనిని ‘బాటమ్ లైన్’ ఎన్నడూ చేయలేదు. 2025–26కు కేంద్రం సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,369 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. డెల్టా రైతు లెక్క 75 కిలోల బస్తాలో ఉంటుంది, అంటే బస్తాకు సుమారు 1,777 రూపాయలు. కళ్ళం దగ్గర చర్చ అంతా ఈ అంకె చుట్టూ, 17 శాతం తేమ నిబంధన చుట్టూ తిరుగుతుంది. అక్కడ అలంకారానికి చోటు లేదు.

వ్యాపార లేఖల్లో తెలుగువాళ్ళు రాసిన ఇంగ్లీషు నుడికారాల్లో లోకమంతా విన్నది ఒకటే. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ వ్యవస్థాపకుడు, భీమవరం ప్రాంతం వాడైన బైర్రాజు రామలింగరాజు 2009 జనవరి 7న కంపెనీ డైరెక్టర్ల బోర్డుకు రాసిన రాజీనామా లేఖలో తన స్థితిని పులి మీద స్వారీతో పోల్చాడు. దిగితే పులి తినేస్తుందన్న భయంతో దిగే దారి తెలియక ఉండిపోయానని భావం. ఈ నుడికారం చైనా సామెత నుంచి ఇంగ్లీషుకు చేరింది, ‘పులి మీద స్వారీ’ అని తెలుగులోనూ ఉంది. మర్నాటి పత్రికలన్నీ పులినే పట్టుకున్నాయి. నేటికీ సత్యం పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది ఆ పులే.

అదే లేఖలో అంకెలూ ఉన్నాయి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలుగా చూపితే అందులో 5,040 కోట్లు అసలు లేవని రాశాడు. 1987లో మొదలై వేలమంది తెలుగు ఇంజినీర్లకు అమెరికా దారి చూపిన కంపెనీని 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దక్కించుకుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు మరో తొమ్మిదిమందిని దోషులుగా తేల్చింది. ఇన్ని జరిగినా జనం నాలుక మీద నిలిచింది ఉపమానమే, అంకె కాదు. సమావేశంలో నుడికారం చేయగల పెద్ద హాని ఏమిటో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. లెక్కలో పడ్డ గండిని అది కథగా మార్చేస్తుంది. కథ విన్న మనిషి జాలిపడతాడో కోప్పడతాడో గాని, లెక్క అడగడం మరచిపోతాడు.

జత కుదిరేవి, కుదరనివి

చాలా ఇంగ్లీషు నుడికారాలకు తెలుగులో సిద్ధంగా జతలున్నాయి. ‘కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్’కు ‘ఒకే దెబ్బకు రెండు పిట్టలు’. ‘బీట్ అరౌండ్ ద బుష్’కు ‘డొంకతిరుగుడు’. గుడ్లు పొదగకముందే పిల్లల్ని లెక్కపెట్టొద్దనే మాటకు ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’. సంచి విప్పి చూడకుండా పందిపిల్లను కొనడం గురించి ఇంగ్లీషువాడు చెప్పేదాన్ని మనవాళ్ళు బర్రెను నీళ్ళలో పెట్టి బేరం చేయడమంటారు. చెరువులో రొయ్య ఉండగానే ధర మాట్లాడుకునే పశ్చిమగోదావరిలో ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టొద్దనే మాట కోళ్ళ రైతులకు చెప్పనక్కరలేదు. 1982లో ఏర్పడిన జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ప్రకటించే గుడ్డు ధరల పట్టికలో తూర్పు, పశ్చిమ గోదావరులకు వేర్వేరు వరుసలే ఉన్నాయి.

జత కుదిరినట్టు కనిపించి మోసగించేవి మరింత జాగ్రత్తగా చూడాల్సినవి. ‘బర్నింగ్ వన్స్ బోట్స్’ అంటే వెనక్కి తిరిగే దారి లేకుండా తెగించడం. మన ‘ఏరు దాటి తెప్ప తగలేయడం’ కృతఘ్నతను నిందించే మాట. భాగస్వామి తెగింపును మెచ్చుకుంటూ ఇంగ్లీషులో అన్నదాన్ని పక్కనున్నవాడు తెప్ప సామెతతో తెలుగు చేస్తే, మెచ్చుకోలు తిట్టుగా మారుతుంది.

‘టేబుల్’ అనే మాట ఇంకా ప్రమాదం. బ్రిటిష్ ఇంగ్లీషులో, దాన్నుంచి మన చట్టసభల్లో, ఒక అంశాన్ని ‘టేబుల్’ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో దాన్ని పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో ఈ ఒక్క మాట మీద బ్రిటిష్, అమెరికా సైనికాధికారులు చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. ‘రివర్ట్’ తీరు కూడా ఇలాంటిదే. మన కార్యాలయాల్లో జవాబివ్వడం, బయటివాళ్ళకు వెనకటి స్థితికి పోవడం. ‘డూ ద నీడ్‌ఫుల్’ పాత కచేరీ ఇంగ్లీషు మిగిల్చిన వాక్యం. ఇక్కడ మర్యాదగా వినిపిస్తుంది, అమెరికాలో వింతగా తోస్తుంది.

‘డెడ్‌లైన్’కు అసలు అర్థం భయంకరం. 1864లో అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఆండర్సన్‌విల్ చెరసాలలో ఖైదీలు దాటితే కాల్చేసే గీత అది. తర్వాత పత్రికా కార్యాలయాల దారిన సమావేశాలకు వచ్చింది. ‘గడువు’ ఉండగా దీని అవసరం తక్కువ. ‘బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్’ 1941లో ‘ద న్యూయార్కర్’లో పీటర్ ఆర్నో గీసిన వ్యంగ్యచిత్రం వల్ల ప్రచారమైంది. లాభాలు ఊరికే పిండుకునే విభాగాన్ని ‘క్యాష్ కౌ’ అనడం 1970 నాటి బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ పట్టిక వల్ల స్థిరపడింది. మనకు ‘కామధేనువు’, ‘కల్పవృక్షం’ ఉన్నాయి, ‘బంగారు బాతు’ ఉంది. సులువుగా నెరవేరే పనిని ‘లో హ్యాంగింగ్ ఫ్రూట్’ అనడం కొబ్బరి దింపు కార్మికుడి ముందు నిలవదు. గెలల్లో కిందివే ముదురు కాయలు, అవీ చెట్టు చివరనే ఉంటాయి. ‘చేతికందే పని’ అంటే చాలు.

ఎగుమతి బేరాలు

వెనామీ రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక డెల్టా వ్యాపారం నేరుగా విదేశీ మార్కెట్లతో ముడిపడింది. చెరువు గట్టు మీద మాటలు వేరు: సీడ్, మేత, ఏరియేటర్, పట్టుబడి, కౌంట్. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత ‘కౌంట్’. అదే సరుకు అమెరికా కొనుగోలుదారుకు చేరేసరికి కౌంట్ పౌనులో లెక్కకు మారుతుంది. గట్టు మీద రైతు, ప్రాసెసింగ్ ప్లాంటు మేనేజరు, వీడియోలో కొనుగోలుదారు ముగ్గురూ ‘కౌంట్’ అంటారు, ముగ్గురి మనసుల్లోనూ అంకె ఒకటి కాదు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా చాలా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, కంపెనీల ఇంగ్లీషులో ‘హెడ్‌విండ్స్’, ‘వెయిట్ అండ్ వాచ్’ నిండిపోయాయి. ఎదురుగాలి అని నేరుగా తెలుగు చేయవచ్చు. రైతు అడిగింది మాత్రం, రేపటి పట్టుబడికి 100 కౌంట్‌కు ఎంతిస్తారని.

ఇంతకంటే పాత ఎగుమతి నరసాపురం లేసు. 19వ శతాబ్దిలో మిషనరీల ద్వారా నేర్చిన ఈ అల్లిక ఇప్పటికీ ఇళ్ళలో ఆడవాళ్ళ చేతుల మీదుగానే సాగుతుంది. లేసు అల్లేవారిని పనివాళ్ళుగా కాక గృహిణులుగానే చూడటం వల్ల వారి కూలి ఎలా అణగిపోయిందో మరియా మీస్ 1982లో తన పుస్తకంలో వివరంగా చూపింది. ఎగుమతిదారులు, కొనుగోలుదారులు ఇంగ్లీషులో మాట్లాడుకున్న ఏ బల్ల దగ్గరా ఆ ఆడవాళ్ళకు కుర్చీ లేదు. 2024లో లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఫలం ఎవరికెంత అన్న చర్చ తెలుగులో జరగాలి.

మినిట్స్‌లో రాసేది

కంపెనీల చట్టం, 2013 ప్రకారం బోర్డు సమావేశపు మినిట్స్ 30 రోజుల్లోగా పుస్తకానికెక్కాలి. సహకార సంఘంలో అయితే ‘తీర్మానించడమైనది’ అని తెలుగులో ముగిసే వాక్యమే ఆనవాయితీ. నోటితో ఎన్ని నుడికారాలు పలికినా రాతలోకి చేరాల్సినవి మూడే: ఎవరు చేయాలి, ఎంత, ఏ తేదీలోగా. ఇంగ్లీషు నుడికారం రావడం మంచిదే. ఎదుటివాడు అన్నది చప్పున అందుకోవడానికి, వాడి ఆటలు, వాడి ఊరు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. అర్థం కాని మాట వచ్చినప్పుడు తల ఊపకుండా ‘అంటే ఎంతండీ?’ అని అడగండి. సంఘాల కార్యదర్శులకు ఒక విన్నపం: అలా అడిగిన రైతును కూర్చోబెట్టి జవాబు చెప్పాకే తర్వాతి అంశానికి వెళ్ళండి.